నీటిలో నిలిచే అతుకు

మంచినీటి చేపల తొట్టిలో అమర్చే వేళ్లను, కొమ్మలను, మొద్దులను అక్వేరియం వ్యాపారంలో డ్రిఫ్ట్‌వుడ్ అని వ్యవహరిస్తారు. ఏటిలోనో సముద్రంలోనో కొట్టుకువచ్చి, బెరడు ఊడి, మెత్తని చెక్క కుళ్లిపోయి, చేవ మాత్రమే మిగిలిన కొయ్యకు ఆ పేరు వచ్చినా, నేడు అంగళ్లలో ఆ పేరుతో అమ్ముడయ్యే సరుకులో చాలా భాగం ఏ నీటిలోనూ కొట్టుకువచ్చినది కాదు; నేలలో ఎండిన మొదళ్లను తవ్వి తీసి, బెరడు చెక్కి, గాలి ఒత్తిడితో ఇసుకను చిమ్మి నునుపు చేసినదే. తొట్టిలో ఈ కొయ్య చేసే పని అలంకారంతో ముగిసిపోదు. దాని చాటున పిరికి చేపలు తలదాచుకుంటాయి, దాని ఒంటిమీద పేరుకునే పలుచని సూక్ష్మజీవుల పొరను చిన్న రొయ్యలు మేస్తాయి, దాని పగుళ్లలో నీటిమొక్కలు వేళ్లు తన్నుకుంటాయి. జపాన్‌కు చెందిన తకాషి అమానో (1954-2015) కొయ్యనూ రాతినీ మొక్కలనూ కూర్చి తొట్టిలోనే ఒక ప్రకృతి దృశ్యాన్ని నిర్మించే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చిన తరువాత, ఒకే ముక్కలో దొరకని ఆకారాన్ని రెండు మూడు ముక్కలు అతికి సాధించాలన్న కోరిక చేపలు పెంచేవారిలో బాగా పెరిగింది. ముక్కలను కలపడం పెద్ద విద్య కాదు. కలిపిన ముక్కలు ఏళ్ల తరబడి నీటిలో ఊడిపోకుండా, నీటిలోకి విషం వదలకుండా, మీదపడి అద్దాన్ని పగలగొట్టకుండా ఉండటమే అసలు చిక్కు.

ఈ చిక్కును విప్పి చూడటానికి నెల్లూరు తీరంలోని చిల్లకూరు ప్రాంతం చాలా అనువైన చోటు. గూడూరును ఆనుకొని, 16వ నంబరు జాతీయ రహదారి మీది చిల్లకూరు నుంచి తూర్పున బంగాళాఖాతం దాకా సాగే ఈ ప్రాంతంలో, ఒకవైపు సరుగుడు తోటలు, పొరంబోకు భూములనిండా సర్కారు తుమ్మ కంప, మరొకవైపు గాజు పరిశ్రమకు తరలిపోయే తెల్లని సిలికా ఇసుక, కొంత ఉత్తరాన కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు, దాని ఉప్పునీటి పాయల్లో మడచెట్లు కనిపిస్తాయి. అంటే తొట్టికి కావలసిన కొయ్య, ఇసుక, చివరకు తొట్టి అద్దానికి ముడిసరుకు కూడా ఇక్కడివే. అలంకార చేపల అంగళ్లకు పేరుపడిన చెన్నైలోని కొళత్తూరు ఇక్కడికి దక్షిణాన సుమారు 140 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. వీటన్నింటికీ మించి, కొయ్యను కొయ్యతో కలిపి నీటిలో నిలపడం ఈ తీరానికి కొత్త కాదు. జిగురు సీసాలు రాకముందే ఇక్కడి జాలరులు ఆ పనిని సాధించారు, అది కూడా తొట్టిలోని నిలకడ నీటిలో కాదు, విరిగిపడే అలల మధ్య.

తెప్ప అనేది పక్కపక్కన పేర్చిన తేలికపాటి దుంగలను తాళ్లతో బిగించి కట్టిన జలవాహనం. తమిళంలో దీనినే కట్టుమరం అంటారు. వేట ముగించి ఒడ్డుకు చేరిన తరువాత కట్లు విప్పి దుంగలను ఇసుకమీద ఆరబెట్టడం, మళ్లీ కడలిలోకి దించే ముందు బిగించి కట్టడం పూర్వపు ఆచారం, ఎందుకంటే నీరు తాగిన దుంగ బరువెక్కుతుంది, ఆరిన దుంగ సన్నబడుతుంది, ఒకసారి వేసిన కట్టు రెండు స్థితులకూ సరిపోదు. కోరమాండల్ తీరంలో ఒకప్పుడు ఓడలకూ ఒడ్డుకూ మధ్య సరుకులు, మనుషులను చేరవేసిన మసూలా పడవది మరో పద్ధతి. దాని పలకలకు మేకులు ఉండవు; పలకల అంచుల వెంట రంధ్రాలు తొలిచి, కొబ్బరినార తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టి, అతుకు వెంబడి గడ్డి లేదా నారను కూరేవారు. మేకులతో బిగదీసిన పడవ అలల తాకిడికి పగిలే చోట, ఈ కుట్టు పడవ వంగి, సర్దుకొని, కొంత నీటిని లోపలికి రానిచ్చినా ముక్కలు కాకుండా ఒడ్డు చేరేది. మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హోర్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణం మీద వెలువరించిన పరిశీలనలో ఇటువంటి నావలకు సముచిత స్థానం దక్కింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఈ తీరంలో ఫైబరు పడవలు బాగా పెరిగి తెప్పలు తగ్గిపోయాయి గాని, తెప్పకట్టు వెనుక ఉన్న అవగాహన మాత్రం చేపల తొట్టికి అక్షరాలా వర్తిస్తుంది: నీటిలో కొయ్య కదులుతుంది, కనుక అతుకు ఆ కదలికకు చోటివ్వాలి.

ఆ కదలిక ఎంతో లెక్కగా తెలుసుకోవడం అవసరం. కొయ్యలో తేమ రెండు చోట్ల నిలుస్తుంది: కణాల గోడల్లో ఇంకినది ఒకటి, కణాల బోలులో నిండినది మరొకటి. గోడలు పూర్తిగా తడిసేవరకు, అంటే ఎండు కొయ్య బరువులో సుమారు 30 శాతం మేరకు తేమ చేరేవరకు కొయ్య ఉబ్బుతూ ఉంటుంది. ఆ తరువాత బోలులో ఎంత నీరు నిండినా బరువు పెరుగుతుందే గాని పరిమాణం మారదు. ఈ హద్దును శాస్త్రజ్ఞులు తంతు సంతృప్త స్థితి అంటారు. ఉబ్బడం అన్ని దిక్కులా సమానంగా ఉండదు. కొమ్మ పొడవునా మార్పు దాదాపు ఉండదు, నూటికి 0.3 కూడా మించదు. నడిమి నుంచి బెరడు వైపుకు చాలా జాతులలో 3 నుంచి 5 శాతం, వలయాల వెంబడి చుట్టూ 6 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. గాలికి ఆరిన కొయ్యలో అప్పటికే కొంత తేమ ఉండటం వల్ల పూర్తి మార్పు కనిపించకపోయినా, 5 సెంటీమీటర్ల మందం గల కొమ్మ తొట్టిలో పడిన కొన్ని వారాలకు 2 మిల్లీమీటర్ల వరకు లావెక్కడం అసాధ్యమేమీ కాదు. గట్టిపడి పెళుసైన జిగురు పొరకు 2 మిల్లీమీటర్లు చాలా ఎక్కువ. పైగా కలిపే రెండు ముక్కల్లో ఒకటి నిలువు పేడుతో, మరొకటి అడ్డపేడుతో ఎదురుపడితే, ఒకటి ఉబ్బుతుంది, రెండోది ఉబ్బదు. అతుకు మధ్యలో నలుగుతుంది. తొట్టిలో వేసిన నెలకో రెండు నెలలకో "జిగురు మంచిది కాదు" అంటూ విసుక్కునే సందర్భాలలో చాలావాటికి కారణం జిగురు కాదు, ఎండు కొయ్యకు జిగురు పెట్టి నీటిలో దించడమే.

ఇక్కడ జాతి తేడా కూడా పట్టించుకోదగినది. సరుగుడు బరువైన, గట్టి కొయ్య అయినా ఆరేటప్పుడు పగుళ్లు తీసే గుణం దానికి ఎక్కువ. సర్కారు తుమ్మ, అంటే పల్లెల్లో చిల్లచెట్టని పిలిచే ప్రోసోపిస్, పొలాలకూ చెరువులకూ బెడదగా పేరుమోసినా, దాని చేవ తడికీ పొడికీ చాలా తక్కువగా పరిమాణం మార్చుకుంటుంది; మెలికలు తిరిగిన దాని వేరుమొదళ్లకు అతుకుపనిలో ఉన్న అనుకూలత అదే. చింత, జామ కొమ్మలు, పూర్తిగా ఎండి బెరడు వలిచినవైతే, ఉపయోగపడతాయి. గన్నేరు, జెముడు, పాలు కారే ఇతర చెట్లు, వేప, మడ అడవుల్లో పెరిగే తిల్ల దగ్గరికి పోకపోవడమే క్షేమం. తిల్లచెట్టు పాలు కంటిని దెబ్బతీస్తాయి. జెముడు పాలతో చేపలను మత్తెక్కించి పట్టే అలవాటు అనేక ప్రాంతాల్లో ఉంది. వేపలోని చేదు పదార్థాలు పురుగులకే కాక చేపలకూ పడవు. మడచెట్లను నరకడం చట్టం ఒప్పుకోదన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

సముద్రపు ఒడ్డున దొరికే కొయ్య విషయంలో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి ఉప్పు: లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి, ఆ నీటిలో నెలల తరబడి నానిన దుంగ లోపలి దాకా ఉప్పెక్కి, మంచినీటిలో పడ్డాక దానిని కొద్దికొద్దిగా వదులుతుంది. రెండోది టెరిడో అనే తొలుచు జీవి: చూపుకు పురుగులా ఉన్నా ఇది ఆల్చిప్పల వర్గానికి చెందినది, కొయ్యలో చూపుడువేలు పట్టేంత సొరంగాలు కూడా చేయగలదు, పైకి మాత్రం సూదిబెజ్జాలే కనిపిస్తాయి. అటువంటి కొయ్యలో రంధ్రం తొలిచి చీల దించితే పట్టు దొరకదు. కొయ్యను తినే ఈ సముద్రజీవుల మీద బెంగళూరులోని కొయ్య విజ్ఞాన సంస్థ తన విశాఖపట్నం కేంద్రంలో దీర్ఘకాలం పరిశోధనలు సాగించింది. తెప్పదుంగలకు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు పట్టించి వాటి ఆయుష్షు పెంచే ప్రయత్నాలు కూడా అందులో భాగమే. దుంగకు మేలుచేసిన ఆ లవణాలే చేపకు ప్రాణాంతకం. అందువల్ల ఒడ్డున పడి ఉన్న పాత తెప్పదుంగలు, రంగు లేదా తారు పూసిన పడవ చెక్కలు ఎంత అందంగా కనిపించినా తొట్టిలోకి రాకూడదు. 2021 నవంబరులో స్వర్ణముఖి, పెన్నా పొంగినటువంటి వరదల తరువాత ఏటి ఇసుకతిన్నెల మీద చిక్కుకునే మొదళ్లు వీటికంటే మేలైనవి, వాటిలో పురుగుమందుల వాసనగాని డీజిలు జిడ్డుగాని లేదని చూసుకుంటే చాలు.

కొయ్య ఎంపిక ముగిశాక మొదటి పని అతకడం కాదు, నానబెట్టడం. కణాల గోడల పదార్థం నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైనది. తేలే కొయ్యను తేలుస్తున్నది దాని బోలులోని గాలి. ఆ గాలి పోయి నీరు చేరిన మేరకు ఏ కొయ్య అయినా మునుగుతుంది. వేడినీటిలో మరిగిస్తే ఈ పని త్వరపడుతుంది, పుట్టగొడుగుల జాతి బీజాలు, పురుగు గుడ్లు నశిస్తాయి. గంగాళంలో పట్టని పెద్ద మొద్దులను డ్రమ్ములో రాయి బరువు పెట్టి నానబెట్టి, రెండు మూడు రోజులకొకసారి నీరు మార్చడం ఒకటే దారి. నీరు టీ డికాక్షను రంగుకు తిరగడం టానిన్లు అనే వగరు పదార్థాల వల్ల జరుగుతుంది. అవి నీటిని కొద్దిగా ఆమ్లగుణం వైపు మళ్లిస్తాయి గాని చేపలకు కీడు చేయవు. రంగు నచ్చనివారు మార్చుకుంటూ పోవలసిందే. నీరు కుళ్లుకంపు కొడితే మాత్రం ఆ కొయ్యలో మెత్తని భాగం మిగిలి ఉన్నట్టు. స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూసి, దిగబడిన మేరా చెక్కి పారేయాలి. కొయ్య దానంతటదే మునిగి అడుగున కూర్చున్నప్పుడే అది ఉబ్బడం ముగించిందని అర్థం. అతుకుపనికి ముహూర్తం అది.

అతుకుల్లో నమ్మదగినది కొయ్యచీల. దీని వెనుక ఉన్న కిటుకు చిన్నది: నానిన కొయ్యలో ఎండిన చీల దించాలి. ముక్కలు రెండూ అప్పటికే ఉబ్బి ఉన్నాయి, చీల ఇంకా ఉబ్బవలసి ఉంది. నీటిలోకి వెళ్లాక చీల ఒక్కటే లావెక్కి రంధ్రాన్ని బిగబట్టుకుంటుంది. ఇదే చీలను ఎండు కొయ్యలో దించితే, మూడూ ఒకేసారి ఉబ్బి, ఒకటి బిగుసుకోవడమో మరొకటి చీలడమో అదృష్టం మీద ఆధారపడుతుంది. పని క్రమాన్ని దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. రెండు ముక్కలనూ కావలసిన భంగిమలో ఒకదానికొకటి ఆనించి, తగిలే చోటును సుద్దతో గుర్తుపెట్టి, అక్కడ ఆకురాయితో అరగదీసి కనీసం రెండు వేళ్ల వెడల్పున రెండు ముఖాలూ చదునుగా కలిసేటట్టు చేస్తారు. ఒక ముఖంలో తల కత్తిరించిన సన్నని మేకును సగం దిగగొట్టి, రెండో ముక్కను దానిమీద సరిగ్గా పెట్టి గట్టిగా నొక్కితే, ఎదుటి ముఖంలో మేకు మొన గుర్తు పడుతుంది. మేకు పీకి, ఆ రెండు గుర్తుల దగ్గర 6 మిల్లీమీటర్ల బిట్టుతో ఒక్కో ముక్కలో 20 నుంచి 25 మిల్లీమీటర్ల లోతు తొలిస్తే రంధ్రాలు ఎదురెదురుగా వస్తాయి. ఎండిన వెదురును చీల్చి, రంధ్రంలో సుత్తితో నాలుగు దెబ్బలకు దిగేంత లావున చెక్కిన చీలను ఒక ముక్కలో దించి, మిగిలిన సగం మీద రెండో ముక్కను ఎక్కిస్తారు. ఒక్క చీల మీద ముక్క గుండ్రంగా తిరిగిపోతుంది, కనుక రెండోది తప్పనిసరి. ముక్కలు కలిసిన తరువాత బయటినుంచి ఏటవాలుగా తొలిచి దించిన ఈ రెండో చీల మొదటిదానికి సమాంతరంగా లేకపోవడం వల్ల అతుకు ఏ ఒక్క దిక్కుకూ ఊడిరాదు. పైకి మిగిలిన చీల తలను రంపంతో కోసేస్తే, కొన్నాళ్లకు నాచు పట్టి ఆ చోటు కనిపించదు కూడా.

తడి కొయ్యను కరెంటు డ్రిల్లుతో తొలచడంలో ప్రమాదం ఉంది. కారే నీరు మోటారులోకి దిగితే చేతికి షాకు కొడుతుంది. బ్యాటరీ డ్రిల్లుగాని, వడ్రంగులు వాడే చేతి బరమాగాని వాడటం, కొయ్యను పైపైన తుడిచి, చేత్తో పట్టుకోకుండా బల్లకు బిగించడం అవసరం. వంకర వేరును అరచేతిలో పెట్టుకొని తొలిచేవారి బిట్టు జారి ఎటు పోతుందో వేరే చెప్పనక్కరలేదు.

పెద్ద మొద్దులకు, మీటరు పొడవు దాటిన కొమ్మలకు చీల చాలదు, స్క్రూ కావాలి. ఇక్కడ లోహం ఎంపికే సర్వస్వం. మామూలు ఇనుప స్క్రూ తుప్పుపట్టి కొయ్యను నల్లబరుస్తుంది, కొన్నేళ్లకు తెగుతుంది; దానికంటే హానికరమైనది జింకు పూత పూసిన స్క్రూ, ఎందుకంటే కొయ్య వదిలే టానిన్ల వల్ల ఆమ్లగుణం పొందిన నీరు ఆ పూతను మెల్లగా కరిగిస్తుంది. ఇత్తడిలో రాగి, జింకు రెండూ ఉన్నాయి. రాగి కొద్దిపాటి మోతాదులోనే రొయ్యలను, నత్తలను చంపుతుంది. మిగిలింది స్టెయిన్‌లెస్ స్టీలు. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉన్న 304 రకం మంచినీటికి సరిపోతుంది. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అదనంగా ఉన్న 316 రకం ఉప్పునీటిని కూడా తట్టుకుంటుంది. అయస్కాంతానికి బలంగా అతుక్కునే స్క్రూను పక్కన పెట్టడం మంచి అలవాటే, అయినా అతుక్కోనంత మాత్రాన అది మేలురకమని నిర్ణయించలేము, నికెలు తగ్గించి చేసిన చౌక రకాలు కూడా అయస్కాంతానికి లొంగవు. రకం ముద్రించిన పెట్టెలోంచి కొనడమే ఉత్తమం. స్క్రూ దించేటప్పుడు పై ముక్కలో స్క్రూ మరలు తగలనంత వెడల్పు రంధ్రం, కింది ముక్కలో స్క్రూ నడుము మందానికి సరిపోయే సన్నని రంధ్రం ముందే తొలిస్తే, స్క్రూ తల పై ముక్కను కింది ముక్క మీదికి లాగి బిగిస్తుంది; ఒకే కొలత రంధ్రం రెండింటిలో తొలిస్తే మధ్యలో సందు అలాగే నిలిచిపోతుంది. ఎండు కొయ్యలో బిగించిన స్క్రూ విషయంలో మరో ఇబ్బంది ఉంది: కొయ్య ఉబ్బినా స్క్రూ పొడవు పెరగదు, దాని తల కొయ్యలోకి కూరుకుపోయి చీలిక తెస్తుంది. నానబెట్టిన తరువాతే బిగించాలనే నియమం స్క్రూకూ వర్తిస్తుంది.

జిగుర్ల విషయానికి వస్తే, ప్రజాదరణ వాటికే ఎక్కువ, పాత్ర మాత్రం చిన్నది. చుక్క వేసిన క్షణంలో పట్టే సూపర్‌గ్లూ సైనోయాక్రిలేట్ అనే రసాయనం. అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో హ్యారీ కూవర్ బృందం 1942లో దీనిని గుర్తించింది, 1958లో అది అంగడికి వచ్చింది. గాలిలోని తేమతోనే ఇది గట్టిపడుతుంది, గట్టిపడిన తరువాత నీటిలోకి చెప్పుకోదగిన విషమేదీ వదలదు, నీటిమొక్కల వేళ్లను కొయ్యకు అంటించడానికి చాలా బాగుంటుంది. బరువు మోయడానికి మాత్రం పనికిరాదు, పెళుసు. సందులో దూదిగాని టిష్యూ కాగితంగాని కూరి దానిమీద ఈ జిగురు పోసి రాతిలా చేసే పద్ధతి చాలామందికి తెలుసు. దూది తగలగానే రసాయన చర్య ఒక్కసారిగా వేడెక్కి, వేళ్లు కాలేంత వేడి, కళ్లు మండించే పొగ వెలువడతాయి. తలుపులు తీసి, ముఖం దూరంగా ఉంచి, చిమటాతో చేయవలసిన పని అది. వెనిగరు వాసన కొట్టే సిలికోను, ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని విడిచే రకం, అద్దానికి అద్దాన్ని అతకడంలో సాటిలేనిది గాని తడి కొయ్యకు అంటుకోదు. స్నానాల గదుల కోసం అమ్మే బూజునిరోధక సిలికోనులో బూజును చంపే మందులు కలుపుతారు, అది తొట్టికి ఎంతమాత్రం తగదు. వడ్రంగులు వాడే తెల్ల జిగురు నీటిలో మెత్తబడి పాలలా కరుగుతుంది. రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ వీటన్నింటిలోకి ఉపయోగకరమైనది. చీలలు, స్క్రూలు బరువు మోస్తుండగా మిగిలిన సందులను పూడ్చడానికి, స్క్రూ తలలను కప్పడానికి అది పనికొస్తుంది. రెండు ముద్దలూ రంగు తేడా కనిపించనంతగా కలవకపోతే గట్టిపడని భాగం నీటిలోకి దిగుతుంది. చేతితొడుగులు వేసుకొని కలిపి, పూర్తిగా ఒకరోజు ఆరనిచ్చి, తరువాత కొన్నాళ్లు బకెట్టులో నీరు మార్చుతూ ఉంచాలి. పుట్టీ తడి కొయ్యమీద పట్టేందుకు అతుకు ముఖాన్ని మాత్రం తుడిచి గరుకు చేస్తే చాలు, కొయ్యనంతా ఆరబెట్టనక్కరలేదు.

కట్టు కట్టేవారు సాధారణంగా వేటకు వాడే నైలాను దారాన్ని ఎంచుకుంటారు. కొబ్బరినార మంచినీటిలో కాలక్రమేణా చీకిపోతుంది, నూలుదారం అంతకంటే ముందే పోతుంది. మొక్క వేళ్లు పట్టుకునేదాకా నిలిచే తాత్కాలికపు కట్టుకు నూలు బాగా తగినదే. నైలాను చీకదు గాని, నీరు పీల్చి కొద్దిగా సాగుతుంది, పొడిగా ఉన్నప్పటి బలంలో కొంత పోగొట్టుకుంటుంది. దారాన్ని కూడా కొన్ని గంటలు నానబెట్టి, తడిగానే లాగి ముడి వేస్తే ఆ వదులు ముందే తీరిపోతుంది. కొసలను ముడి దగ్గరకి కత్తిరించకపోతే చేప మొప్పల్లో చిక్కుకుంటాయి.

అతికిన కొయ్యను నిలిపే పీఠం గురించి ఇక్కడ ఒక మంచి మాట ఉంది. ప్రపంచమంతటా ఇందుకు పలకరాయిని, అంటే పొరలుగా చీలే స్లేటును వాడతారు; ఆంధ్రదేశంలో తరతరాల పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు వచ్చిన మార్కాపురం ఆ రాతికే ప్రసిద్ధి. మందపాటి స్లేటు ముక్కకు రాతి బిట్టుతో, నీరు పోస్తూ, ఒత్తిడి తగ్గించి రంధ్రం చేసి, అడుగునుంచి స్టెయిన్‌లెస్ స్క్రూను కొయ్యలోకి ఎక్కిస్తే, తేలాలని చూసే కొయ్యకు కూడా బరువు దొరుకుతుంది. స్క్రూ తల అద్దాన్ని తాకకుండా స్లేటు అడుగున గుంట తీయడం మరవకూడదు. కడప బండ సులువుగా దొరికినా అది సున్నపురాయి జాతిది. నిమ్మరసమో వెనిగరో వేస్తే నురగ వచ్చే రాయి ఏదైనా నీటి గట్టిదనాన్ని పెంచుతుంది. గప్పీ, మోలీ వంటి చేపలకు అది అభ్యంతరం కాకపోయినా, మెత్తని నీరు కోరే చేపలకు పనికిరాదు. తీరపు ఇసుకలోని గవ్వపెంకుల ముక్కలదీ అదే సమస్య. చిల్లకూరు సిలికా ఇసుక మాత్రం నీటితో ఏ విధమైన చర్యా జరపదు. ఆ ఇసుకను పొడిగా జల్లించకూడదు, దాని సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే నయంకాని వ్యాధికి దారితీస్తుంది. తడిపి కడగడమే పద్ధతి.

కూర్పు అంతా ముగిశాక దానిని తొట్టిలో కాకుండా నేలమీద పరీక్షించడం మంచిది. మొత్తాన్ని పైకొమ్మ పట్టుకొని ఎత్తి, మెల్లగా ఊపినప్పుడు అతుకు కిర్రుమన్నా, చేతికి ఊగినట్టు తెలిసినా అది తొట్టికి సిద్ధం కానట్టే. పీఠం మీద నిలబెట్టి కొన మీద వేలితో నొక్కినప్పుడు పక్కకు ఒరిగితే, పీఠం పెద్దదైనా కావాలి, కొమ్మ పొట్టిదైనా కావాలి; చేపల తొట్టి అద్దాలు నీటి ఒత్తిడిని తట్టుకోవడానికి చేసినవి గాని, మూలన తగిలే గట్టి కొన దెబ్బకు చేసినవి కావు. అతుకుల సందుల్లో చేప తల పట్టి ఒళ్లు పట్టని ఖాళీ ఉంటే పుట్టీతో మూసేయాలి, లేదా చేప ఈదిపోయేంత వెడల్పు చేయాలి. కొత్త కొయ్యమీద మొదటి వారాల్లో తెల్లటి జిగటపొర తేలడం చూసి కంగారుపడనక్కరలేదు, కొన్నాళ్లకు దానంతటదే తగ్గిపోతుంది.

చేపలున్న తొట్టిలో అతుకు వదులైన సందర్భంలో ముందుగా హీటరు, మోటారుల కరెంటు ఆపి, కొయ్యను పైకొమ్మ పట్టి లాగకుండా అడుగునుంచి రెండు చేతులతో ఎత్తి బయటికి తీయాలి. ఎపాక్సీ పుట్టీ నీటి లోపల కూడా గట్టిపడుతుంది గాని, ఆలోపు అది వదిలే పదార్థాలు చేపల మధ్యనే కలుస్తాయి, కనుక ఆ పని బయటే చేయాలి. బయటికి తీసిన కొయ్యను ఎండకు పెట్టకూడదు; ఆరితే చీలలు సన్నబడి మిగిలిన అతుకులు కూడా వదులవుతాయి, నీటిని శుద్ధిచేసే బాక్టీరియా చస్తుంది. తడిగోనె కప్పి ఉంచి, వదులైన చీలను బయటికి కొట్టేసి, అదే రంధ్రంలో కొంచెం లావైన ఎండు వెదురు చీల దించితే, బకెట్టు నీటిలో ఒక రాత్రి గడిచేసరికి అది బిగుసుకుంటుంది, మర్నాడు కొయ్యను మళ్లీ తొట్టిలోకి దించవచ్చు.